ఒక ఫారం తక్కువ

నూట డెబ్బై ఆరో పేజీ తర్వాత నూట డెబ్బై ఏడో పేజీ రావడంలో వింతేమీ లేదు, లోకంలో ఏ పుస్తకంలోనైనా అలాగే వస్తుంది, కానీ రైల్లో కిటికీ పక్కన కూర్చున్న ఈ పెద్దమనిషికి మాత్రం ఆ పేజీ పెద్ద వింతైపోయింది. ఈ పేజీ ఎక్కడిది? ఈ నవల తను చదివాడు. చదవడమేమిటి, రెండుసార్లు చదివాడు, పెన్సిలు అరిగిపోయేలా గీతలు గీశాడు, మొన్న ఆదివారం పత్రికలో దీనిమీద సమీక్ష కూడా రాశాడు, ఇంకో గంటలో పక్క ఊళ్లో ఇదే పుస్తకం గురించి వేదికెక్కి మాట్లాడబోతున్నాడు. తను చదివిన నవలలో కూతురు ఆసుపత్రి వార్డు తలుపు తోస్తుంది, అక్కడితో పేజీ అయిపోతుంది, తిప్పితే ఆమె ఖాళీ ఇంటి తాళం తీస్తూ ఉంటుంది, తల్లి ఇక లేదు. మధ్యలో ఏమీ లేదు. ఇప్పుడు చూస్తే ఉంది. మంచం ఉంది, మంచం మీద తల్లి ఉంది, ఆ తల్లి మాట్లాడుతోంది కూడా. గబగబా తిప్పాడు. ఖాళీ ఇంటి తాళం నూట తొంభై మూడో పేజీలో దొరికింది. పదహారు పేజీలు, సరిగ్గా ఒక ఫారం. పుస్తకాలవాళ్లు పదహారు పేజీల మడతను ఫారం అంటారు, ఒక్కో ఫారం విడిగా మడిచి, వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేస్తారు, ఆ పేర్చేచోట ఎవరి చెయ్యో తొందరపడి ఒక మడత జారిపోతే పుస్తకం నోరు మెదపకుండా ఒక ఫారం తక్కువతో బయటికొస్తుంది. విడుదలకు ముందు సమీక్షకులకని హడావుడిగా కుట్టించి పంపిన కాపీల్లో అలాంటిదొకటి వచ్చి తన ఒళ్లో పడింది. పేజీ అంకెలు చూసే అలవాటు తనకు లేదు. అంకెలు చూస్తూ చదివేవాడు పుస్తకం ఎప్పుడైపోతుందా అని చూసేవాడేనని తన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఇవాళ కొంప ముంచింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ లేని ఫారాన్ని తను ఊరికే వదిలెయ్యలేదు, పనిగట్టుకుని మెచ్చుకున్నాడు. సమీక్షలో ఆ ముక్కే బాగా కుదిరిందని తనకే అనిపించింది కాబట్టి ఇప్పటికీ కంఠతా ఉంది: 'తల్లి ఆసుపత్రిలో గడిపిన ఆఖరి రోజులను ఈ రచయిత్రి రాయలేదు. మనల్ని వార్డు తలుపు దాకా తీసుకొచ్చి, అక్కణ్ణుంచి నేరుగా ఖాళీ ఇంట్లో నిలబెట్టింది. తొలి నవలలో ఇంత నిగ్రహం అరుదు. రాయని ఆ అధ్యాయమే ఈ నవలకు గుండెకాయ.' గుండెకాయట! ఆదివారం పేజీ చూసే ఎడిటరమ్మ ఆ వాక్యానికి బాక్సు కట్టి పెద్దక్షరాల్లో మరీ వేసింది. ప్రూఫులు దిద్దే ఆవిడ ఫోన్ చేసి, "మౌనం మాస్టారూ, ఈ వారం కూడా దొరకబుచ్చుకున్నారన్నమాట," అని నవ్వింది. తను ఏ బళ్లోనూ పాఠం చెప్పలేదు, బీమా ఆఫీసులో ఫైళ్ల మధ్య ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, అయినా పత్రికాఫీసులో అందరికీ మౌనం మాస్టారే, ఏ కొత్త నవల చేతికిచ్చినా అందులో మాట్లాడని పాత్రనో మింగేసిన మాటనో వెతికిపట్టుకుని అక్కడే చతికిలబడతాడని. అది వెక్కిరింపని తెలుసు. తెలిసినా ఇష్టంగానే ఉండేది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చాలు, ఏ పేరైతేనేం అనిపించే రోజులు వచ్చాయి తనకి.

ఇవాళ పొద్దున ప్రచురణకర్త ఫోన్. ఆయన ఫోన్‌లో మాట్లాడినా ఎదురుగా నిలబడి భుజం తట్టినట్టే ఉంటుంది. "గురువుగారూ, ఎంత నాజూగ్గా చెప్పారండీ! ఆ ఆసుపత్రి అధ్యాయం మాకూ కాస్త సాగదీసినట్టే అనిపించింది, అమ్మాయి మొహం మీద అనలేక ఊరుకున్నాం. మీరేమో అసలది లేనట్టే చదివేసి, లేకపోతే ఎంత బాగుంటుందో చెప్పేశారు. చురక వేస్తే అలా వెయ్యాలి. అమ్మాయికి అర్థమైంది లెండి, రెండో ముద్రణలో తీసేస్తానంటోంది. రేపే ప్రెస్సుకి పంపేది. మీరు కూడా సాయంత్రం సభలో ఓ మాట అనేస్తే ఇంక తిరుగుండదు." ఏ ఆసుపత్రి అధ్యాయం అని అడగాలి కదా మనిషన్నవాడు. అడగలేదు. అర్థంకాని మాటకల్లా 'ఊఁ' కొట్టడం బీమా ఆఫీసులో పట్టుబడిన విద్య, 'ఊఁ, అలాగే అలాగే' అన్నాడు, ఫోన్ పెట్టేశాక కాసేపు తల గోక్కున్నాడు, ప్రచురణకర్తలు సగం పుస్తకాలు చదవరు, ఏ పుస్తకం చూసి ఏది అనుకున్నాడో అని సరిపెట్టుకున్నాడు. తర్వాత కొత్త కాపీ ఒకటి మనిషి చేత పంపించాడాయన, మీ కాపీ నిండా గీతలుంటాయి, వేదిక మీద ఇది పట్టుకోండి, ఫొటోల్లో అట్ట బాగా పడాలి అని. ఆ అట్ట కోసం పంపిన కాపీయే ఇప్పుడు ఒళ్లో తెరుచుకుని కూర్చుంది.

అంటే ఊరంతా తనను మెచ్చుకుంది చెయ్యని పనికి. వేసినట్టు తనకే తెలియని చురకకి. ఆ అమ్మాయి ఆదివారం పొద్దున పత్రిక తెరిచి, తను రాసిన అధ్యాయాన్ని 'రాయలేదు' అని ఒక పెద్దాయన అచ్చులో అంటుంటే, ముందు కంగారుపడి, తర్వాత తన పుస్తకం తీసి ఉందో లేదో చూసుకుని, ఉండటం చూసి, ఇంకా కంగారుపడి, ఆఖరికి అర్థం చేసుకుందన్నమాట, ఓహో, ఉండకూడదని చెబుతున్నారు అని. మందుల షాపులో పనిచేస్తుందట ఆ పిల్ల. అట్ట వెనక అంతే రాసుంది. రోజంతా డాక్టర్ల గొలుసురాతలు చదివి చదివి, రాయనిది కూడా చదవడం అలవాటై ఉంటుంది. కిటికీలోంచి గోడౌన్ల కప్పులు పోతున్నాయి, ఒకదాని మీద టార్పాలిన్ ఊడి గాలికి కొట్టుకుంటోంది, ఎవరూ ఎక్కి కట్టరు, గాలి పడితే దానంతటదే పడుకుంటుందని ఊరుకుంటారు, తను కూడా ఊరుకుంటే? ఎవరికి తెలుస్తుంది? గీతలున్న పాత కాపీ ఇంట్లో తన బల్ల మీద ఉంది. చించి పారేస్తే పోలా. సభలో నాలుగు మంచి మాటలు చెప్పి, దండం పెట్టి, తిరుగురైలు ఎక్కితే సరి. మౌనం మాస్టారి పేరు నిలబడుతుంది, ఆ పదహారు పేజీలు పోతాయి, పోతే పోనీ, తనవా? ఎదుటి సీట్లో ఒకావిడ నిద్రలో తల వాల్చి, ఉలిక్కిపడి లేచి, మళ్లీ వాల్చుతోంది. తన వైపు చూసి మొహమాటంగా నవ్వింది. తనూ నవ్వాడు. ఇవాళ మనిషన్నవాళ్లు తనను చూసి నవ్వడం అదే మొదలు.

నిజం చెబితే ఏం పోతుందో కూడా తెలుసు. కాలమ్ పోతుంది. ఎడిటరమ్మ మంచిదే, కోప్పడదు, 'ఫర్వాలేదు సార్, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి' అంటుంది, ఆ విశ్రాంతికి అంతుండదు. పదహారు పేజీలు లేకపోయినా గమనించనివాడి చేత పుస్తకాలు చదివించేదెవరు? తన తప్పు ఎప్పుడు దొరుకుతుందా అని కాలమ్ మీద కన్నేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు. కాలమ్ పోతే పుస్తకాలు రావు. పుస్తకాలు రాకపోతే ఇంటి బెల్లు మోగదు, ఎందుకంటే ఆ బెల్లు ఇప్పుడు మోగేది పార్సిల్ మనిషి నొక్కితేనే. సంతకం పెడుతూ తను ఏదో ఒకటి అడుగుతాడు, ఎండ ఎలా ఉందనో, బండి మార్చావా అనో, అతను చెప్పులు విప్పకుండానే రెండు ముక్కలు చెప్పి పోతాడు. ఇంక ఆదివారం సాయంత్రం బావమరిది ఫోన్. "ఏం బావా, ట్యాంకు కారడం ఆగిందా?" "ఆగిందనుకున్నా, మళ్లీ మొదలైంది." "వాషర్ మార్పించు బావా, నే చెప్తే వినవు." అక్క మాట ఎత్తితే బావ ఏమైపోతాడోనని అతను, ఎత్తితే బావమరిది ఏమైపోతాడోనని తను, ఇద్దరూ కలిసి మూడేళ్లుగా ట్యాంకు బాగుచేస్తున్నారు. ఆ ట్యాంకు కారడం ఎప్పుడో ఆగిపోయింది. ఆగిందని చెబితే ఏం మాట్లాడుకోవాలో తెలియదు.

అందుకే తొలి నవలలంటే తనకు అంత ఇది. పేరున్నవాళ్ల పుస్తకాలు ఎవరైనా రాస్తారు, తను కొత్తవాళ్లవే ఏరుకున్నాడు. అట్ట వెనక ఫొటోలో గడ్డం కింద చెయ్యి, మొదటి పేజీలో వాన, మూడో అధ్యాయంలో చచ్చిపోయే తాతయ్య, కృతజ్ఞతల పేజీలో బస్సు కండక్టరు దాకా అందరి పేర్లూ, అన్నీ చూసి చూసి తనకు నవ్వొచ్చేది, కానీ ఎక్కడో ఒకచోట ప్రతి తొలి నవలా తలెత్తి చూస్తుంది. మొదటిసారి నోరు విప్పిన మనిషి ఎవరైనా వింటున్నారా అని చూసే చూపు అది. వింటున్నానమ్మా, చెప్పు నాయనా, అని తను బల్ల దగ్గర కూర్చుని అనేవాడు, పైకే అనేవాడు, ఇంట్లో వినేవాళ్లు ఎవరున్నారు గనక. భార్య ఉన్న రోజుల్లో ఇలా మాట్లాడుకోవాల్సిన పని ఉండేది కాదు. ఆవిడ ఏ నవల వచ్చినా ముందు ఆఖరి పేజీ చదివేసి, వంటింట్లోంచే కేకేసేది, "పెళ్లి చేసుకోరండీ వీళ్లు, మీరు ఆశలు పెట్టుకోకండి" అని. తను విసుక్కునేవాడు. పుస్తకం సస్పెన్సంతా పాడుచేశావని అలిగేవాడు కూడా. ఇప్పుడు ఏ పుస్తకం ఎలా అయిపోతుందో ఎవరూ ముందు చెప్పరు, ఆఖరి పేజీ దాకా ఒంటరిగా పోవాల్సిందే.

సరే, ముందు చదువుదాం, చదవకుండా ఏ నిర్ణయమూ తగదు అని మళ్లీ నూట డెబ్బై ఏడో పేజీకి వచ్చాడు. మొదటి పేరాలోనే కూతురి గుండె ముక్కలైంది. పేజీ తిప్పాడు, మళ్లీ ముక్కలైంది. చెయ్యి దానంతటదే పెన్సిలు కోసం జేబులోకి పోయింది. ప్రచురణకర్త అబద్ధం చెప్పలేదు, నిజంగానే సాగింది అధ్యాయం. కన్నీళ్లు వేడిగా ఒకచోట, చల్లగా ఇంకోచోట, గోడ మీద బల్లిని చూసి జీవితం గురించి పెద్ద ఆలోచన ఒకటి, నర్సు పాత్ర వచ్చిన ప్రతిసారీ తెల్లటి, తెల్లటి, తెల్లటి. ఆశ్చర్యమేమిటంటే తను అన్నదే నిజం, ఈ ఫారం లేకుండానే నవల బిగువుగా ఉంది, గుడ్డిగా వేసిన బాణం పోయి సరైన చోటే తగిలింది. ఆ మాట తోచగానే ఎంత హాయిగా అనిపించిందంటే తనకే సిగ్గేసింది. చూశావా, చదవకపోయినా నా తీర్పు తప్పు కాలేదు, ఇంక చెప్పడానికేముంది, తీసెయ్యమనే చెబుతాను, మనస్సాక్షిగానే చెబుతాను. హాయిగా ఊపిరి పీల్చి పేజీ తిప్పాడు.

అక్కడ తల్లి కాలిగోళ్లు ఉన్నాయి. పెరిగి దుప్పటికి తగులుకుంటున్నాయి, కాస్త తియ్యవే అంటుంది. కూతురు మంచం చివర కూర్చుని తీస్తుంటే బొటనవేలి గోరు ఎగిరి పక్క మంచం మీది పెద్దావిడ కళ్లద్దాల మీద పడుతుంది, ఆవిడ అది చూడదు, తల్లీకూతుళ్లిద్దరూ నోళ్లకి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుతారు, సెలైను సూది ఊడొస్తుందని నర్సు కేకలేస్తుంది. ఆ పేజీలో గుండె ముక్కలు కాలేదు, బల్లి లేదు, తెల్లటి అన్న మాట కూడా లేదు. దాని తర్వాత తల్లి మాట్లాడటం మొదలుపెడుతుంది. ఎదురింటివాళ్ల గొడుగు తిరిగిచ్చావా? తలుపు వెనకే ఉంది చూడు, పిడి వదులైంది, ఇచ్చేటప్పుడు చెప్పి ఇవ్వు, మనమే పాడుచేశామనుకుంటారు. మనం తెచ్చినప్పుడే వదులుగా ఉంది. పోనీ బాగుచేయించి ఇస్తే? వద్దులే, అప్పుడు మనమే పాడుచేశామని ఒప్పుకున్నట్టవుతుంది. ఇలా ఒకటిన్నర పేజీ గొడుగే. చచ్చిపోబోయే మనిషి లోకం గురించీ దేవుడి గురించీ ఒక్క మాట అనదు, గొడుగు, గొడుగు, వదిలిపెట్టదు. సమీక్షకుడెవడైనా కొట్టేస్తాడు దాన్ని. తను పెన్సిలు పట్టుకునే ఉన్నాడు, పెన్సిలు కదల్లేదు, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, ఎదుటి సీటావిడ నిద్ర లేచి తన వైపే చూస్తోంది, కంట్లో నలుసు పడిందన్నట్టు కిటికీ వైపు తిరిగి కన్ను నలుపుకున్నాడు.

తన భార్య కూడా మాట్లాడింది. ఆసుపత్రిలో ఆ చివరి రోజుల్లో రోజంతా మాట్లాడేది. ఏం మాట్లాడింది? గదికి లేత ఆకుపచ్చ రంగు వేసి ఉందని గుర్తుంది, మంచం చక్రం ఒకటి వంకరగా ఉండేదని గుర్తుంది, పక్కన కుర్చీలో కూర్చుని చదివిన మూడు కొత్త నవలలు గుర్తున్నాయి, అడిగితే ఇప్పుడు కూడా కథలు పూసగుచ్చినట్టు చెప్పగలడు, ఎవరు ఎవరిని ఎందుకు వదిలేశారో, ఏ అధ్యాయం ఎక్కడ కుంటిందో. ఆవిడ అన్నది ఒక్క మాట గుర్తులేదు. పట్టించుకోలేదనీ కాదు, వింటూనే ఉన్నాడు, ఊఁ కొడుతూనే ఉన్నాడు, కానీ అవి గుర్తుపెట్టుకోవాల్సిన మాటలని అప్పుడెవరికి తెలుసు, ఏ గొడుగు గురించో, ఏ డబ్బా మూత గురించో, రేపు మళ్లీ అంటుందిలే అన్నట్టుండే మాటలు. చెవుల్లో గొంతు ఉంది. ఆ గొంతులో మాటలు లేవు. తను వార్డు తలుపు తోశాడు, తర్వాత ఇంటి తాళం తీశాడు, మధ్య ఫారం తనకీ లేదు. అది చూసే నిగ్రహమన్నాడు, గుండెకాయన్నాడు. తన దగ్గర లేనిదాన్ని ఇంకొకరు కూడా పోగొట్టుకున్నారనుకుని సంతోషపడ్డాడు. ఇన్నేళ్లుగా ప్రతి పుస్తకంలోనూ మౌనాన్ని మెచ్చుకుంది కూడా ఇందుకేనేమో, ఏమో, మనిషి తనకు తెలియకుండా ఎంత పని చేస్తాడో చెప్పలేం. ఇలాంటి గొడుగు కల్పిస్తే రాదు, సొంత తల్లి మాటే అయ్యుండాలి, ఈ పిల్ల దగ్గర గొడుగు పిడి దాకా ఉంది. రేపు ప్రెస్సుకు వెళ్లేలోగా కొట్టేస్తుంది, తను అన్నాడని. కొన్నేళ్లకి, మందుల షాపులో ఏ మధ్యాహ్నమో కాస్త తీరిక దొరికినప్పుడు, అమ్మ ఆ రోజు ఏం మాట్లాడిందబ్బా అని ఆలోచిస్తుంది.

రైలు నెమ్మదించింది. స్టేషనుకి ముందు ఎప్పుడూ ఉండే ఇళ్ల వెనకవైపులు వచ్చాయి, ఆరేసిన బట్టలు, నీళ్ల పైపులు, ఒక బాల్కనీలో ఫోన్ మాట్లాడుతూ అటూ ఇటూ తిరుగుతున్న మనిషి. ఈలోగా తను మూడు రకాల మాటలు తయారుచేసుకున్నాడు. ఒకటి: మరోసారి చదివాక నా అభిప్రాయం మార్చుకున్నాను. పెద్దమనిషి తరహాగా ఉంటుంది, పరువూ నిలుస్తుంది, పేజీలూ మిగులుతాయి. రెండు: రాయని అధ్యాయమని నేనన్నది ఒక అలంకారం. ఎవరైనా నమ్ముతారు, విమర్శకులు ఏమన్నా చెల్లుతుంది. మూడోది పూర్తికాకముందే రైలు ఆగింది. ఒకటో మాటే ఖాయం చేసుకుని సంచీ భుజాన వేసుకుని దిగాడు. ప్లాట్‌ఫారం మీద ప్రచురణకర్త మనుషులు ఎవరో వస్తారనుకుంటే ఆ అమ్మాయే వచ్చింది, అట్ట వెనక ఫొటోలో కంటే సన్నగా ఉంది, షాపు నుంచి నేరుగా వచ్చినట్టుంది, జేబుకి పెన్ను అలాగే గుచ్చి ఉంది.

"నమస్కారం సార్. శ్రమ అనుకోకుండా వచ్చారు," అంది. ఆ పైన తను ఏమైనా అనేలోపే, ఇంటి దగ్గర అనుకుని వచ్చినట్టు గబగబా చెప్పేసింది, "ఆ అధ్యాయం తీసేస్తున్నాను సార్. ముందు బాధేసింది. తర్వాత మీరన్నదే కరెక్టనిపించింది."

మరోసారి చదివాక, అని మొదలుపెట్టాలి. నోరు తెరిచాడు. ఎదురుగా ఆ పిల్ల సంచీ అందుకోబోతూ చెయ్యి చాచి నిలబడి ఉంది. "అమ్మా, నా కాపీలో ఆ ఫారం లేదు," అన్నాడు. "కుట్టడంలో పోయింది. నేను గమనించలేదు. ఆ పదహారు పేజీలు ఉన్నాయని కూడా తెలియకుండానే అదంతా రాశాను. ఇప్పుడే, రైల్లో చదివాను."

ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. కోప్పడుతుందేమో అనుకున్నాడు, నవ్వుతుందేమో అని భయపడ్డాడు. దిగినవాళ్లు వాళ్లిద్దరినీ తప్పించుకుని వెళ్తున్నారు. ఆమె అడిగింది మాత్రం వేరే, మొదటి పుస్తకం రాసినవాళ్లు అడిగేదే. "చదివారు కదా సార్. ఎలా ఉంది?"

"బాగా లేదు," అన్నాడు.

ఆమె తల వంచుకుంది. "అదే సార్, తీసేస్తాను కదా."

"వద్దు. తియ్యకు. ఎవరన్నా తియ్యకు, నేను సభలో కూడా ఇదే చెబుతాను, నా కాపీ సంగతితో సహా చెబుతాను." గొంతు పెరుగుతోందని తెలుస్తూనే ఉంది, ఆపుకోవడం చేతకాలేదు. "ఆ గొడుగు తర్వాత మీ అమ్మ ఇంకేమైనా అందా? అనుంటే అది కూడా రాసెయ్యి, వంకరగా ఉన్నా సరే, ఇవాళే రాయి. తర్వాత ఉండవమ్మా ఆ మాటలు. మా ఆవిడ పదిరోజులు నా పక్కనే మాట్లాడింది, నాకు ఒక్కటీ మిగల్లేదు."